తప్పు లేని నక్క

యాభై రెండేళ్ళు వచ్చాక ఛీఛీ పిన్నిని తప్పు చెయ్యమని ఒక మనిషి బతిమాలింది. ఆ మనిషి పిన్ని కుట్టుపని చేసే దుకాణం మేడమ్. చెయ్యమన్నది నలుగురూ నోళ్ళు నొక్కుకునే తప్పేమీ కాదు. గుడ్డ మీద కుడుతున్న నక్కకి ఎక్కడో ఒకచోట కుట్టు వంకరగా వెయ్యమంది, అంతే. పిన్ని మొహం చూస్తే మాత్రం నోళ్ళు నొక్కుకునే తప్పే నయమని ఆమె ఉద్దేశం అనిపించింది.

"ఒక్కటే పిన్నీ. చెవి దగ్గరో, తోక దగ్గరో. కనిపించీ కనిపించనట్టు."

"ఛీ," అంది పిన్ని.

ఆమెకు ఆ పేరు పెట్టింది ఎవరో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. పెట్టినవాళ్ళు తెలివైనవాళ్ళు. ఆమె నోటివెంట వచ్చే ఛీలు ఒకటి కాదు. చిన్నది, పొడుగుది, ముక్కులోంచి వచ్చేది, పెదవి కదలకుండా కళ్ళతోనే అనేది. పక్క కుర్చీలో కూర్చుని రోజంతా వాగుతుంది గనక గలగల అని పేరుపడ్డ మనిషి, సూదిలో దారం ఎక్కించడానికి కొసను నోట్లో పెట్టుకుని తడి చేసేది. అది చిన్న ఛీ. ఆ ఎంగిలి దారంతోనే తెల్ల గులాబీ కుట్టేది. అది పొడుగు ఛీ. గుడ్డ పక్కనే టీ గ్లాసు పెట్టడం, జిగురు డబ్బా మూత తీసి మరచిపోవడం, నమలుతూ మాట్లాడటం, మాట్లాడుతూ నవ్వడం, ఏదీ ఆమెకు సయించేది కాదు. లోకమంతా ఆమె ముందు ఎవరో సగం తిని వదిలేసిన పళ్ళెంలా ఉండేది. కడగడానికి నీళ్ళు లేవు, పారేయడానికి చోటు లేదు.

ఆమెకు ఏవగింపు కలిగించనిది ఒక్కటే, తన కుట్టుపని వెనకవైపు.

దుకాణం వెనక, తెర చాటున ఉండే గదిలో పని. పొడుగు బల్ల, నలుగురు ఆడవాళ్ళు, గోడకు మేకులు, మేకులకు గుడ్డ బిగించి కుట్టే చిన్నా పెద్దా చెక్క రింగులు. ఒక్కటే కిటికీ. దాని అవతల సందు, సందుకు అటువైపు నాచు పట్టిన గోడ, గోడ వెంట దిగే నీళ్ళ గొట్టం. చూడటానికి అసహ్యమైన కిటికీ. కాని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకే రకం వెలుతురు ఇచ్చేది. ఇరవై ఆరేళ్ళుగా ఆ కిటికీ పక్క కుర్చీ పిన్నిది. మరొకరు కూర్చుంటే కుర్చీని గుడ్డతో తుడిచి మరీ కూర్చునేది.

పని నేర్పింది మేనత్త. పన్నెండేళ్ళ పిల్లప్పుడు. ఆ మేనత్త కుట్టిన గుడ్డను ఎప్పుడూ ముందు నుంచి చూడలేదు. చేతికివ్వగానే బోర్లా తిప్పేది. వెనక ఒక్క ముడి కనిపించినా వీపు మీద ఒక్కటిచ్చేది.

"పువ్వు నడుమ పైన వేసే ముడి పుప్పొడే. కింద వేసే ముడి ఒళ్ళు బద్ధకం," అనేది. "దారం కొస దాచడం రానిదానివి, రేపు సంసారంలో గుట్టేం దాస్తావే?"

ముడి వెయ్యకుండా దారం మొదలుపెట్టడం పెద్ద విద్యేం కాదు. కొసను వెనక వదిలి, మొదటి నాలుగు కుట్లూ దాని మీదుగా వెయ్యాలి. అవే దాన్ని తొక్కి పట్టుకుంటాయి. చివర కూడా అంతే, సూదిని కుట్ల కిందుగా దూర్చి తెంపడమే. వచ్చినవాళ్ళకు రెండు క్షణాల పని. కాని ఆ రెండు క్షణాలు రోజుకు నాలుగు వందల సార్లు ఎవరు పెడతారు? పిన్ని పెట్టింది. నలభై ఏళ్ళలో ఒక్క గుడ్డ వెనక ఒక్క ముడి వెయ్యలేదు. వెయ్యని ముడులన్నీ తెచ్చి కనుబొమల మధ్య వేసుకుంది.

పువ్వుల దాకా మేనత్త విద్య సరిపోయింది. జంతువులు మాత్రం మొగుడి దగ్గర నేర్చుకుంది. అతను సెలూన్లో క్షౌరం చేసేవాడు. పెళ్ళైన మొదటి వారంలోనే అతని చొక్కా మడతల్లోంచి ఎవరెవరివో వెంట్రుకలు రాలడం చూసి ఆమె రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఇప్పటికీ ఆ చొక్కాలు పుల్లతో ఎత్తి బకెట్లో వేస్తుంది. అలాంటిది, దుకాణం పెద్దాయన మొదటిసారి కుందేలు కుట్టమన్నప్పుడు ఆమె కుట్టుకొచ్చిన కుందేలు బూజు పట్టిన దుంపలా ఉంటే, అది చూసి మొగుడే చెప్పాడు.

"దీనికి సుడి లేదే."

"కుందేలుకి సుడేంటి?"

"జుట్టున్న ఏ ప్రాణికైనా ఎక్కడో మొదలవుతుందే. అక్కణ్ణించి పాయలుగా పోతుంది. నువ్వేమో చీపురు కట్ట విసిరేసినట్టు కుట్టావు."

పక్కింటివాళ్ళ కుక్కను తీసుకొచ్చి ఆమె ఎదుట కూర్చోబెట్టాడు. చెయ్యి పట్టుకుని దాని వీపు మీద అటూ ఇటూ రుద్దించాడు. ఎటు రుద్దితే వెంట్రుక పడుకుంటుందో, ఎటు రుద్దితే లేస్తుందో చూపించాడు. ముక్కు దగ్గర మొదలై కళ్ళ పక్కగా చీలి, చెంప మీద కిందకు తిరిగి, మెడ దగ్గర రెండు పాయలు ఎదురెదురుగా వచ్చి కలుసుకుంటాయని చెప్పాడు. ఆ రోజు పిన్ని సబ్బుతో మూడుసార్లు చేతులు కడుక్కుంది. మర్నాడు కుట్టిన కుందేలును చూసి పెద్దాయన వేలితో తాకి, ఉలిక్కిపడి వేలు వెనక్కి తీసుకున్నాడు.

అప్పటి నుంచి దుకాణంలో జంతువంటే పిన్నే. లేళ్ళు, గుడ్లగూబలు, ఉడతలు, ముళ్ళపందులు, వాటి చుట్టూ అడవిపూలు. వెంట్రుకంటే వాంతి వచ్చే మనిషి రోజంతా వెంట్రుకలే కుట్టేది.

పెద్దాయన కీళ్ళ నొప్పులతో ఇంట్లో కూర్చున్నాక కూతురు వచ్చింది. ఆమే మేడమ్. చెడ్డ మనిషేం కాదు. నవ్వు మొహం, చేతిలో ఫోను, మాటకు ముందు "పిన్నీ" అనే మర్యాద. రాగానే ప్రతి రింగుకూ వేలాడదీయడానికి ఒక కార్డు అచ్చు వేయించింది. కార్డు మీద పిన్ని ఫొటో. నవ్వమంటే నవ్వలేదు గనక, ఎవరో తుమ్మబోతుంటే చూస్తున్నట్టు ఉంది. కింద ఇలా రాసి ఉంది: "ఇందులో కనిపించే చిన్న చిన్న లోపాలే ఇది చేతిపని అనడానికి సాక్ష్యం."

పిన్ని ఆ కార్డు రెండుసార్లు చదివింది.

"నా దాంట్లో లోపం ఎక్కడుందో చూపించండి."

"లేదు పిన్నీ. అదే కదా తంటా," అంది మేడమ్.

తంటా నిజమే. నెల తిరక్కుండా రెండు రింగులు వెనక్కొచ్చాయి. మిషన్‌ది అంటగట్టారని కొన్నవాళ్ళ గోల. బోర్లా తిప్పి చూశారట, ఒక్క ముడి లేదట, ఒక్క దారం వేలాడటం లేదట. మనిషి చేతులతో చేస్తే ఇలా ఉంటుందా అని అడిగారట. ఇరవై ఆరేళ్ళలో పిన్నిని ఎవరూ అంత మెచ్చుకోలేదు, అంత తిట్టనూ లేదు. రెండూ ఒకే మాటలో వచ్చేసరికి ఆమె ఆ రింగులు రెండూ గుడ్డతో తుడిచి మేకుకు తగిలించింది.

ఆ తర్వాత అట్టపెట్టెలు దిగాయి. వాటి నిండా మిషన్ మీద కుట్టి వచ్చిన రింగులు, అన్నిట్లోనూ అదే లేడి, అదే పువ్వు. మేడమ్ వాటిని గలగల ముందు పోసింది. గలగల పని ఏమిటంటే, ఒక్కో లేడికి నాలుగు వంకర కుట్లు చేత్తో వెయ్యడం, వెనక నాలుగు ముడులు పెట్టి దారాలు వదిలెయ్యడం. అవి చేతిపని కార్డుతో, పిన్ని మొహంతో, వేడి వేడిగా అమ్ముడుపోయాయి. పుట్టి బుద్ధెరిగి ఒక్క కుట్టు తిన్నగా వెయ్యని గలగల రాత్రికి రాత్రి దుకాణానికి కావలసిన మనిషైపోయింది. తనకే నవ్వాగలేదు.

"నక్క తోక తొక్కొచ్చాను పిన్నీ. తప్పు చేస్తే జీతమిచ్చే ఉద్యోగం ఇంకెక్కడన్నా ఉందా?"

"ఉంది. అందులో వాళ్ళు గోడలు దూకుతారు. నువ్వు కుర్చీలో కూర్చున్నావు."

"అబ్బ, నీ నోరు!"

"ఎంగిలి చేసిన నోరు కాదులే."

పిన్నిని కూడా నేర్చుకోమన్నారు. ఒక ఉడత రింగు ఇచ్చి, ఇష్టమొచ్చినట్టు పాడుచెయ్యమన్నారు. ఆమె పళ్ళు బిగబట్టి వెనక ఆరు ముడులు వేసింది. మేడమ్ చూసి నిట్టూర్చింది. ఆరూ ఒకే పరిమాణంలో, ఒకదానికొకటి అంగుళం దూరంలో, వరసగా ఉన్నాయి. వదిలేసిన దారం కొసలు కూడా కొలిచి కత్తిరించినట్టు సమానంగా ఉన్నాయి.

"ఇవి కూడా మిషనే వేసినట్టున్నాయి పిన్నీ."

"నాకు రాదన్నానా లేదా?"

అలా పిన్నికి శిక్షణ ఆగిపోయింది. ఆమె కుట్టినవి కూడా చివర్లో గలగల చేతికే వెళ్ళేవి. పిన్ని చూడకుండా తల తిప్పుకునేది. ఇంట్లో చిన్నపిల్ల ముక్కు చీదుతుంటే తల తిప్పుకున్నట్టు.

అలాంటి రోజుల్లో నక్క వచ్చింది.

అడిగింది పళ్ళ డాక్టరమ్మ. ఆసుపత్రిలో జనం కూర్చునే గదికి, గోడ మీద పెట్టడానికి. భోజనం పళ్ళెమంత రింగు, గసగసాల పూలు, గడ్డి చామంతులు, మధ్యలో నక్క. "నోరు మూసుకుని ఉండాలండీ," అని మరీ మరీ చెప్పింది డాక్టరమ్మ. "పిల్లలు పళ్ళు పీకించుకోవడానికొస్తారు. నక్క పళ్ళు చూపిస్తే ఏడుస్తారు."

పిన్నికి ఆ మాట నచ్చింది. నోరు మూసుకోమని లోకంలో ఒక్కరైనా అడిగారు.

అప్పటికే ఆమె చూపు తగ్గుతోంది. ఇటుకరంగుకూ నారింజకూ మధ్య ఉన్న మూడు చాయలను కిటికీ దగ్గర పట్టుకుంటే గాని విడదీయలేకపోతోంది. ఇంత పెద్ద పని ఇంకొకటి ఈ కళ్ళు ఒప్పుకోవని ఆమెకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు. మేడమ్‌తో మాత్రం ఒక మాట అంది.

"ఈ నక్క మీద నా చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడకూడదు. ముందూ పడకూడదు, వెనకా పడకూడదు."

"చూద్దాం పిన్నీ."

"చూడ్డాలు లేవు. పడకూడదు."

మేడమ్ నవ్వింది. ఆ నవ్వును పిన్ని ఒప్పుకోలు అనుకుంది. అదొక్కటే ఆమె చేసిన పొరపాటు.

నలభై రోజులు పట్టింది. ఆరు పోగుల దారాన్ని విడదీసి ఒక్క పోగుతో కుట్టింది. నక్క తోక దగ్గర మొదలైంది. ఇంటికి పెంకులు పరిచినట్టు కింది వరస ముందు, దాని అంచు మీదకు ఎక్కుతూ పై వరస తర్వాత. పొడుగు కుట్టు, పొట్టి కుట్టు, పొడుగు, పొట్టి. నడుము దాటింది, భుజం దాటింది, మెడ దగ్గర రెండు పాయలను ఎదురెదురుగా తెచ్చి కలిపింది. అక్కడ ఎనిమిది రోజులు కూర్చుంది. ఎడమ చెంప పూర్తయిన రోజున గలగల వచ్చి చూసి, జీవితంలో మొదటిసారి ఏమీ మాట్లాడకుండా వెళ్ళిపోయింది. చివరిగా ముక్కు మీద నల్లపోగుతో పదకొండు కుట్లు వేసి, సూది తీసి, నక్కను బోర్లా తిప్పింది. వెనక కూడా నక్కే ఉంది. ఎడమ వైపుది కుడి వైపుకు మారింది, అంతే తేడా.

డాక్టరమ్మ మర్నాడు నాలుగింటికి వస్తానంది. అదే రోజు పొద్దున్నే పిన్ని కళ్ళు చూపించుకోవడానికి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి రెండైంది. కళ్ళలో వేసిన చుక్కల మందుకు బల్ల, కిటికీ, మనుషులు అన్నీ అలుక్కుపోయి కనిపిస్తున్నాయి. అయినా గదిలో ఏదో జరిగిందని గడప దగ్గరే తెలిసింది. గలగల గలగల్లాడటం లేదు.

"ఏంటే?"

"ఏం లేదు పిన్నీ."

"నీ నోట్లో మాట లేదంటే ఇంట్లో దొంగ పడ్డట్టే. ఏం చేశావు?"

"నన్నేం చెయ్యమంటావు? మేడమ్ పక్కనే నిలబడి వేయించింది. నేను ఒద్దనే అన్నాను. కావాలంటే వీళ్ళనడుగు."

వీళ్ళు అన్న ఇద్దరూ తలలు దించుకుని కుడుతున్నారు.

పిన్ని నక్కను కిటికీ దగ్గరకు తీసుకెళ్ళింది. కళ్ళు సరిగ్గా ఆనలేదు. వేలితో తడిమింది. ఎడమ చెంప మీద వేలు ఒకచోట తట్టుకుంది. వెంట్రుకకు ఎదురు వేసిన మూడు కుట్లు. పడుకున్న బొచ్చులో మూడు లేచి నిలబడ్డాయి, నాకి వదిలినట్టు. కుట్లు కూడా తడిగా ఉన్నట్టే అనిపించింది. వెనకవైపు నాలుగు ముడులు, వేలాడే కొసలు. నిద్రపోతున్న మనిషి మొహం మీద ఎవరో ఉమ్మేసి పోయినట్టు ఉంది.

ఆమె ఛీ అనలేదు. అదే గలగలను ఎక్కువ భయపెట్టింది.

చిన్న కత్తెర తీసుకుంది, పోగులు పీకే సన్న పట్కారు తీసుకుంది. అలుక్కుపోయిన కళ్ళతో లాభం లేదని, చూపుడు వేలి గోటితో పోగులను వెతికి పట్టుకుంది. ఒక్కో ముడినీ తెంపి, ఒక్కో కొసనూ వచ్చిన దారినే వెనక్కి లాగింది. కుట్లు పోయినా సూది రంధ్రాలు మిగిలాయి. కెటిల్లో నీళ్ళు మరిగించి, ఆవిరి మీద గుడ్డను పట్టి, గోటి వెనక భాగంతో అటూ ఇటూ గీకింది. నేత పోగులు మెల్లగా దగ్గరకు జరిగి రంధ్రాలు మూసుకున్నాయి. వాటితో పాటు చిక్కుకుని తెగిన తన మూడు కుట్లు ఆ చోట మళ్ళీ వెయ్యాలి. సూదిలో దారం ఎక్కలేదు. నాలుగుసార్లు ప్రయత్నించింది. ఎక్కలేదు.

"ఇటివ్వు పిన్నీ," అంది గలగల.

"నోట్లో పెట్టావంటే చంపుతా."

"పెట్టను."

గలగల పొడి దారాన్నే వేళ్ళ మధ్య నలిపి, నాలుక బయటపెట్టి, ఒంటికన్నుతో గురి చూసి, ఐదోసారి ఎక్కించింది. పిన్ని మూడు కుట్లూ వేలి స్పర్శతో వేసింది. మేడమ్ తెర తొలగించుకుని వచ్చేసరికి మూడున్నర.

"అయ్యో పిన్నీ! పీకేశారా?"

"పీకేశాను."

"అరగంటలో ఆవిడొస్తుంది! మొన్నటి రెండూ ఎందుకు వెనక్కొచ్చాయో మీకు తెలుసు కదా. మీ మంచికే కదా నేను..."

"నా మంచి నా వెనకవైపు ఎందుకు వెతుకుతున్నారు?"

తలలు దించుకున్నవాళ్ళలో ఒకామె పగలబడి నవ్వి, దగ్గుగా మార్చుకుంది. మేడమ్ మొహం ఎర్రబడింది. ఇంకేదో అనబోయింది గాని, ముందు దుకాణంలో తలుపు గంట మోగింది. డాక్టరమ్మ అరగంట ముందే వచ్చేసింది.

నక్కను ముందుకు తీసుకెళ్ళారు. పిన్నిని కూడా రమ్మన్నారు. గాజు బల్ల మీద పెట్టగానే డాక్టరమ్మ "అబ్బా!" అంది. చెంప నిమిరింది. తన పెంపుడు పిల్లికి చేసినట్టు చెవి వెనక కూడా గోకింది. ఆ తర్వాత కార్డు చదివింది. రింగును బోర్లా తిప్పింది. ముందుకు తిప్పింది. మళ్ళీ బోర్లా తిప్పింది.

"ఇది మిషన్ మీద చేసింది కదండీ?"

"కాదండీ, అచ్చంగా చేతిపని. కార్డు మీద ఫొటో చూడండి, ఈ పిన్నిగారే..."

"కార్డు చూశాకే అడుగుతున్నాను. లోపాలు సాక్ష్యం అని మీరే రాశారు. లోపం కోసం వెతుకుతున్నాను, దొరకలేదు. మా చెల్లెలు ఇక్కడే కొన్న లేడికి వెనక ఎన్ని ముడులున్నాయో! దారాలు కూడా వేలాడుతున్నాయి. అది చేతిపని అంటే నమ్మొచ్చు."

మేడమ్ కార్డును బోర్లా తిప్పింది. తన కార్డు తన మెడకే చుట్టుకుందని చెప్పుకునే దారి లేదు. "పిన్నీ, మీరే చెప్పండి," అంది, గొంతు తగ్గించి.

డాక్టరమ్మ పిన్ని వైపు తిరిగింది. చెడ్డగా కాదు, పిల్లల్ని నోరు తెరవమనే గొంతుతోనే అడిగింది.

"మీరే చేశారా అమ్మా? అయితే ఒక పని చెయ్యండి. నా ఎదురుగా దీని మీద ఒక్క కుట్టు వేసి చూపించండి. ఎక్కడైనా సరే. చాలు, నమ్ముతాను."

మేడమ్ అప్పటికే సూది తెప్పించింది. ఇటుకరంగు దారం ఎక్కించి ఉన్న సూది. గలగల తెర పక్కన నిలబడి చూస్తోంది.

పిన్ని సూది తీసుకుంది. నక్కను చూసింది. ఎక్కడ వెయ్యాలి? తోక నిండింది. వీపు నిండింది. మెడ దగ్గర పాయల మధ్య ఒక పోగు పట్టే చోటు కూడా వదల్లేదు. గసగసాల రేకు అంచులు మూసుకున్నాయి. ఇప్పుడు ఎక్కడ వేసినా అది ఒక వెంట్రుక ఎక్కువే. ఇంతసేపూ పీకింది దేన్ని? మూడు కుట్లను. ఇప్పుడు అడుగుతున్నది ఒకటే కదా అని మేడమ్ కళ్ళు అంటున్నాయి. మూడు గుక్కల ఎంగిలి తాగనన్న మనిషితో ఒక్క గుక్కే కదా అన్నట్టు.

ఆమె సూదిని బల్ల మీద పెట్టింది.

"మిషన్‌దే," అంది.

"పిన్నీ!" అంది మేడమ్.

"మిషన్‌దేనండీ. నేను దుమ్ము దులిపానంతే."

డాక్టరమ్మ హాయిగా ఊపిరి పీల్చుకుంది. మోసపోకుండా బయటపడ్డ మనిషి మొహం ఎలా వెలిగిపోతుందో పిన్ని దగ్గర నుంచి చూసింది. "ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదండీ. మిషనైతే నాకేం? బాగుంది. నోరు కూడా మూసుకుంది. మిషన్ ధర ఎంతో చెప్పండి, తీసుకెళ్తాను." మేడమ్ చెప్పింది. ఆ అంకె వినపడకుండా పిన్ని లోపలికి వచ్చేసింది. నక్క కాగితం చుట్టుకుని గడప దాటిన చప్పుడు మాత్రం విన్నది.

గెలిచినట్టేం అనిపించలేదు. దొడ్లో కుళాయి దగ్గరకు వెళ్ళి నోరు పుక్కిలించింది. మళ్ళీ పుక్కిలించింది. తన నోట్లోంచి వచ్చిన ఆ ఒక్క మాట వేరే ఎవరో నమిలి పెట్టినదానిలా నాలుక మీదే ఉంది. నలభై రోజుల పనిని కాదంది. కన్నదాన్ని ఎదురుగా పెట్టుకుని నాది కాదన్నట్టే. గలగల వెనకాలే వచ్చి నిలబడింది.

"ఒక్క కుట్టు వేసేస్తే పోయేది కదా పిన్నీ."

"పోయేది. నక్క పోయేది."

ఇంటికి వెళ్ళి మొగుడికి చెప్పింది. అతను చొక్కా దులుపుకోవడం ఆపి మొత్తం విన్నాడు.

"అంటే ముప్ఫై ఏళ్ళుగా నేను మిషన్‌తో కాపురం చేస్తున్నానన్నమాట. అదీ, నూనె వేసినా వెయ్యకపోయినా కీచుమనే మిషను."

"బయట దులుపుకో ఆ చొక్కా," అంది పిన్ని. అన్నం మాత్రం తినలేకపోయింది.

మర్నాడు ఇక రావద్దంటారనే వెళ్ళింది. సూదుల పెట్టె తెచ్చుకోవడానికి సంచి కూడా పట్టుకెళ్ళింది. మేడమ్ నవ్వు మొహంతోనే ఎదురొచ్చింది. రాత్రంతా ఆలోచించిందట. డాక్టరమ్మ పొద్దున్నే ఫోన్ చేసి, అదే మిషన్ మీద ఇంకో రెండు కావాలందట. దుకాణంలో అప్పటికే రెండు అరలు సర్దించింది. ఒక అర మీద "చేతిపని" అని రాసి ఉంది. అందులో అట్టపెట్టెల్లో దిగిన లేళ్ళు, గలగల ముడులు, కొత్త కార్డు మీద గలగల పళ్ళికిలించిన ఫొటో. రెండో అర మీద "మిషన్ పని". అందులో పిన్ని కుట్టినవి. వాటికి కార్డు లేదు.

"ఇకమీద మీ పని మీద ఎవరూ చెయ్యి వెయ్యరు పిన్నీ. ఒట్టు. ధర కొంచెం తగ్గుతుంది, మీ జీతం తగ్గదు. ఎవరైనా అడిగితే మాత్రం మిషనే అనాలి. మీరే అన్నారు కదా."

పిన్ని రెండు అరలనూ చూసింది. ఇంతకన్నా నీచమైన ఏర్పాటు ఆమె బతుకులో చూడలేదు. ఇంతకన్నా తనకు పనికొచ్చేదీ చూడలేదు. సంచిని మడిచి కుర్చీ కింద పెట్టింది. కుర్చీ తుడిచింది. కూర్చుంది.

"ఆ రెండింట్లోనూ నక్కలేనా?"

"ఒకటి ఏట్లో చేపలు పట్టే నీటికుక్క అట పిన్నీ. రెండోది మీ ఇష్టమట."

"నీటికుక్క బొచ్చు తడిస్తే పాయలు పాయలుగా అతుక్కుంటుంది. బొమ్మ తెప్పించండి. తడిసినదాన్ని."

ఆ మధ్యాహ్నం తెర అవతల ఇద్దరు కొనేవాళ్ళ మాటలు వినిపించాయి. ఒకామె మిషన్ అర ముందు నిలబడ్డట్టుంది.

"బాగానే ఉన్నాయి గాని, వీటిలో ఏముందే? మీట నొక్కితే అదే కుట్టేస్తుంది. ప్రాణం ఉండదు. ఇదిగో, ఈ చేతిపని చూడు. ఈ లేడి మొహంలో ఎంత జీవం ఉందో!"

లోపల గలగల నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. పిన్ని తల ఎత్తలేదు. రింగు స్క్రూ బిగించి, గుడ్డ మీద వేలితో కొట్టి చూసింది. ఇంకో సగం చుట్టు బిగించింది.

"నవ్వింది చాలు గాని, ఆ లేడి చెవిలో బొచ్చు లోపలికి పోతుందా, బయటికి పోతుందా? చూసి ఏడు. తప్పైనా సరే, ఎక్కడ వేస్తున్నావో తెలిసి వెయ్యి."